విమానం ఎక్కని నార్వే పాటగాళ్లు

మొన్న శనివారం సిడ్నీ శివారు ద పాండ్స్‌లో మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర కట్టలు ఏరుతూ ఉంటే పైనున్న స్పీకర్లోంచి ఒక ఇంగ్లీషు పాట వినబడి నా చెయ్యి అలాగే ఆగిపోయింది. "నాన్నా, యూ ఓకే?" అంది మా అమ్మాయి. లోకమంతా ఆ పాటని ఒక అమెరికా గాయని పాటగానే ఎరుగును గాని, ఆవిడ నోట పలకడానికి ఎన్నో ఏళ్ల ముందే డార్విన్‌లో ఒక రేకుల వరండాలో, వాన చప్పుడు మధ్య, నేను దాన్ని విన్నానంటే మా అమ్మాయి నవ్వుతుంది. రెండువేల సంవత్సరం రాకముందు వైటూకే కంప్యూటర్ల పని పేరు చెప్పుకుని ఇల్లు కదిలినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మీరు మాత్రం నమ్ముతారనుకుంటాను.

అప్పట్లో మనవాళ్లందరికీ సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో పని దొరికితే నాకు మాత్రం డార్విన్‌లో ఒక ఆస్పత్రి కంప్యూటర్లు రాసిపెట్టి ఉన్నాయి. రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం, చేసినదాన్ని మళ్లీ మళ్లీ పరీక్షించడం, అదే పని. పెళ్లయి ఏడాది తిరగని మా ఆవిడ పురిటికని గుంటూరులో పుట్టింట్లో ఉంది. నేనొక పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నాను. పక్క గదుల్లో నార్వే నుంచి వచ్చిన నలుగురు పాటగాళ్లు ఉండేవాళ్లు: పాడే అక్క, గిటారు వాయించే తమ్ముడు, డ్రమ్ములు వాయించే అక్క భర్త, వాళ్లందరికీ పెద్దదిక్కుగా మేనమామ. ఆయన స్టీలు గిటారుని ఒళ్లో పడుకోబెట్టుకుని తీగల మీద ఇనప కడ్డీ జార్చుతూ వాయిస్తే ఎవరో దూరాన్నించి పిలిచినట్టు ఉండేది. మంచుదేశం మనుషులు అమెరికా పశువుల కాపరుల బాణీలు, అదీ రాక్ దరువు కలిపి పాడటమేమిటని మొదట్లో నవ్వొచ్చేది. తరవాత్తరవాత ఆ పాటల్లో గుర్రాలకన్నా ఇంటి బెంగే ఎక్కువని తెలిసి, ఆదివారం చర్చి నుంచి రాగానే వరండాలో ఓ మూల చేరేవాణ్ణి. నా పులిహోర వాళ్లకి అలవాటైపోయింది, మేనమామగారైతే ఎండుమిరపకాయలు కూడా వదిలేవారు కాదు.

నవంబరులో, అక్కడ వానలు మొదలవుతుండగా కబురొచ్చింది. పేరున్న అమెరికా గాయకుడొకాయన సిడ్నీలో పాడబోతున్నాడు, ఆయనకన్నా ముందు అరగంట వీళ్లు పాడాలి. వీళ్లు పంపిన టేపు విని మెచ్చిన రికార్డు కంపెనీ పెద్దమనిషి స్వయంగా వచ్చి కూచుంటాడు, నచ్చితే ఆ గాయకుడి వెంట అమెరికా అంతా తిరగొచ్చు. పదేళ్లుగా పెళ్లిళ్లలో, పడవల మీద, తాగుబోతుల మధ్య పాడుతూ వాళ్లు ఎదురుచూసిన కబురది. ఆ వారమంతా ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది.

బయల్దేరే రోజు పొద్దున్న గిటారుని పెట్టెలో సర్దుతూ మేనమామగారు గుండె పట్టుకుని కూలబడ్డారు. నేను పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్లాం. రెండు రోజులు గడిస్తేగాని ఏ మాటా చెప్పలేమన్నారు డాక్టర్లు. కంపెనీ ఆయనకి ఫోన్ చేస్తే, ఆ గిటారుకి ఇక్కడ మనిషిని చూస్తాను, మీరు ముగ్గురూ వచ్చెయ్యండి అన్నాడట. మేనమామగారు కూడా ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతోనే, వెళ్లండి వెళ్లండని చేత్తో తోసినట్టు సైగ చేశారు. దగ్గరుండి చూసుకుంటానని నేను మాటిచ్చాక ముగ్గురూ టాక్సీ ఎక్కారు.

మధ్యాహ్నం మూడింటికి, సరిగ్గా విమానం లేచే వేళకి, తలుపు దగ్గర అలికిడైతే తిరిగి చూశాను. అక్క నిలబడి ఉంది, జుట్టులోంచి వాననీళ్లు కారుతున్నాయి. వెనక ఆ ఇద్దరూ. మేనమామగారు చప్పున మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

"ఎందుకొచ్చారు? పదేళ్లు!" అన్నారు ఇంగ్లీషులో, నన్ను కూడా సాక్ష్యానికి పిలుస్తున్నట్టు.

"ఇంకొకళ్ల పక్కన నిలబడి నాకు పాట రాదు మామా," అంది అక్క. కుర్చీ లాక్కుని దుప్పటి మీదనించే ఆయన పాదాలు ఒత్తుతూ కూచుంది. కాసేపటికి ఆయన భుజాలు కదలడం చూసి నేను బయటికి వచ్చేశాను.

వచ్చానే గాని మనసు నిలవలేదు. మా ఆవిడకి నెలలు నిండుతున్నాయి. డిసెంబరు దాటేదాకా ఎవరికీ సెలవు లేదని మేనేజరు అంటే తల ఊపి ఊరుకున్నవాణ్ణి నేను. మర్నాడు వెళ్లి అడిగాను. వెళ్తే మళ్లీ ఈ ఉద్యోగం ఉండదన్నాడాయన, కోపమేమీ లేకుండా, ఉన్నమాట చెబుతున్నట్టు. వెళ్లాను. అమ్మాయి పుట్టిన మూడో రోజుకి గుంటూరు చేరాను. "వచ్చారా" అంది మా ఆవిడ. ఆ ఒక్క మాటకి నేను డార్విన్‌నే మరిచిపోయాను. సిడ్నీలో ఇంకో ఉద్యోగం దొరకడానికి ఆర్నెల్లు పట్టింది.

వీళ్ల బదులు ఆ రోజు పాడినవాళ్లు అమెరికా వెళ్లారు. మేనమామగారు కోలుకున్నారు, నలుగురూ నార్వే వెళ్లిపోయారు. కొన్నేళ్లకి ఆ టేపులోని ఒక్క పాటని, మొన్న నేను విన్నదాన్నే, కంపెనీవాళ్లు అక్కని అడిగి తీసుకుని అమెరికా గాయని చేత పాడించారు. తను బడిపిల్లలకి సంగీతం చెబుతున్నాననీ, మేనమామ పోయేదాకా ఆదివారాలు అందరూ కలిసి వాయించుకునేవాళ్లమనీ అక్క ఒక క్రిస్మస్ కార్డులో రాసింది. విచారిస్తున్నట్టు ఎక్కడా రాయలేదు, విచారం లేదనీ రాయలేదు.

జనవరి ఒకటిన లోకం తలకిందులైపోతుందని అంత భయపడ్డామా, ఏమీ కాలేదు. మారడం తరవాత మొదలైంది, నెమ్మదిగా. ఇప్పుడు ఎవరైనా పడగ్గదిలో కూచుని పాడి సాయంత్రానికి భూగోళమంతటికీ వినిపించొచ్చు. మన బంధువుల్లో పురుడొచ్చినా, ఎవరి ప్రాణం మీదికి వచ్చినా ఫోన్లో చూసేస్తున్నాం, మాట్లాడేస్తున్నాం, వెళ్లి వచ్చినట్టే అనిపిస్తోంది. తప్పని అనను, నేనూ అదే చేస్తున్నాను. ఆ రోజుల్లో మాత్రం మనకి ఉన్నవి రెండే, వెళ్లడమో, వెళ్లకపోవడమో. ఏదో ఒకటి చేసి, చేసినదానితో బతికేవాళ్లం.