పుణ్యవతిగారి సిగ్గు

నవలల్లో ఎవరు పాపం చేసినా సిగ్గుపడేది మాత్రం మా పుణ్యవతిగారే. కథలో ఎవడైనా దొంగతనం చేస్తే ఆ పూటంతా ఆవిడ మా ముఖాల్లోకి చూసేవారు కాదు. కాకినాడ మనిషి. మాదాపూర్‌లో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మాన్యువల్స్ రాసేవారు.

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె జరుగుతున్న రోజుల్లో ఆవిడకొక నవల దొరికింది. అందులో కథానాయకుడు అనాథ మేనకోడలిని గదిలో పెట్టి తిండి లేకుండా మాడ్చేస్తాడు. రచయిత మాత్రం ఆ దుర్మార్గుడి దిగుళ్లన్నీ ఎంతో ప్రేమగా చెబుతాడు. పుణ్యవతిగారు చదువుతూ చదువుతూ పుస్తకాన్ని బోర్లించి కళ్లు తుడుచుకున్నారు.

"ఏమైంది మేడమ్?" అన్నాడు పక్క సీటు ఐలయ్య. వరంగల్ నుంచి వచ్చి టెస్టింగ్‌లో చేరినవాడు.

"వాడికి జ్వరమొచ్చిందండి," అన్నారావిడ గొంతు తగ్గించి. "ఎవరైనా కాస్త శొంఠి కాఫీ ఇస్తే బావుండుననిపించింది. పసిపిల్లకి మంచినీళ్లివ్వని వెధవకి."

"గాడు పుస్తకంల ఉన్నడు మేడమ్. మీకెందుకు పరేషాన్?"

"వాడు పుస్తకంలోనే ఉన్నాడండి. జాలిపడింది నేను కదా."

ఆ వారమే మా మేనేజర్ గోవిందప్ప పదవి ఊడింది. ధర్నాకు వెళ్లినవాళ్ల పేర్లు పైవాళ్లకు చేరవేసి, ఐలయ్యను మంచి ప్రాజెక్టు నుంచి తప్పించిన ఘనుడాయన. వెళ్లిపోయే రోజు దాకా ఆయన్ను మూల సీట్లో కూర్చోబెట్టారు. బంద్ రోజు క్యాంటీన్ మూసేశారు. అందరం డబ్బాలు తెచ్చుకున్నాం, ఆయన తెచ్చుకోలేదు. ఆయన ఆకలి మాకు పండగలా ఉంది.

పుణ్యవతిగారు తన ఉప్మా డబ్బా పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టారు. ఆయన ఒక చెంచా తిని, "ఉప్పు ఎక్కువేసినారే," అన్నాడు. తినడం మాత్రం ఆపలేదు.

ఆవిడ తిరిగి రాగానే ఐలయ్య అడిగాడు. "గాయన మంచోడయిండా మేడమ్?"

"లేదండి. ఉప్మాకి వంకపెట్టాడు."

"మరెందుకు పెట్టిన్రు?"

"ఆకలేస్తోంది కదండీ ఆయనకి. ఆయన మీకు చేసింది నేను మర్చిపోలేదు. అందుకే సిగ్గుగా ఉంది."

ఐలయ్య తన డబ్బా మూత తీశాడు. అందులోంచి రెండు జొన్నరొట్టెలు తీసుకెళ్లి గోవిందప్ప ముందు పెట్టి, పలకరించకుండానే వచ్చేశాడు.

"మాఫ్ చెయ్యలే," అన్నాడు మాతో, నేల చూస్తూ. "రొట్టెలు ఎక్కువైనయి, గంతే."

"సిగ్గుగా ఉందా?" అన్నారు పుణ్యవతిగారు.

"జర."

ఆవిడ పక్క కుర్చీ మీది బ్యాగు తీసి కింద పెట్టారు. "ఇలా కూర్చోండి. మొదట్లో అలాగే ఉంటుంది."