రాకుమారుణ్ణి మార్చిన సైదాబీ

గుంటూరు మిర్చి యార్డు వెనక గోడౌన్లో తొడిమలు తీసే ఆడవాళ్లకు సైదాబీ కథ లేనిదే పొద్దు గడిచేది కాదు. ముక్కుకు కొంగు బిగించి, కాయల కుప్ప మీద చేతులు ఆపకుండానే, రాకుమారుణ్ణి సముద్రాల అవతలికి తీసుకుపోయేది. ఎండిపోయిన రాజ్యానికి వాన తెచ్చే శంఖం ఏడో సముద్రం అడుగున ఉండేది.

సీజన్‌కో కథ. అందులో రాకుమారుడికి అక్కడ కూర్చున్న ఎవరో ఒకామె కొడుకు పేరు పెట్టేది. ఆ తల్లి అందరికీ బెల్లం ముక్కలు పంచాలి. కథ సాగినన్నాళ్లూ ఊ కొట్టే హక్కు ఆమెదే. 2003 వేసవిలో ఆ హక్కు సుబ్బరావమ్మకు వచ్చింది. సైదాబీ, ఆమె ఒకే ఆటోలో వచ్చేవాళ్లు, ఒకే క్యారేజీ విప్పుకుని తినేవాళ్లు. సుబ్బరావమ్మకు భర్త లేడు. కొడుకు అంకమ్మరావు మార్టూరులో రాళ్లు పాలిష్ పట్టే పనికి కొత్తగా వెళ్లాడు. కథలో వాడు సముద్రం దాటినప్పుడల్లా ఆమె ఊ కాస్త గట్టిగా వినపడేది.

ఆరో సముద్రం దగ్గర నాగజ్యోతి నోరు విప్పింది. ఆమెది సుబ్బరావమ్మ పక్కిల్లే.

"ఏం సుబ్బరావమ్మొదినా, మీవాడు మార్టూరు నుంచి వచ్చేశాడంటగా?"

సుబ్బరావమ్మ తల ఎత్తలేదు. "దుమ్ముకి దగ్గొస్తందంట. తగ్గినాక పోతాడు."

"దుమ్ముకే పారిపోయొచ్చినోడు సముద్రాలేం దాటతాడమ్మా? సైదక్కా, నువ్వు ఇంకొకర్ని చూసుకో."

అందరూ నవ్వారు. నవ్వు చెవిన పడితే సైదాబీ నాలుక ఆగేది కాదు.

"అదే చెప్పబోతన్నా. అంకమ్మరావు ఒడ్డున ఉన్న నల్లరాయి మీద చెయ్యేశాడు. వేసీ వెయ్యగానే తనే రాయైపోయాడు. మార్టూరు పంపినా పాలిష్ ఎక్కనంత మొండిరాయి."

గోడౌన్ గొల్లుమంది. తూకం దగ్గరి గుమాస్తా కూడా తల తిప్పి నవ్వాడు. సైదాబీ కూడా నవ్వుకుని, ఊ కోసం ఆగింది. రాలేదు.

"ఊఁ, మరి శంఖం ఎవరు తెస్తారు?" అంది నాగజ్యోతి.

సైదాబీ ఒక్క క్షణం తడుముకుంది. "రాకుమారుడి చెల్లెలు. అఖిల."

అఖిల నాగజ్యోతి కూతురు. గుంటూరులోనే నర్సింగ్ చదువుతోంది. మర్నాడు నాగజ్యోతి బెల్లం తెచ్చి పంచింది. సుబ్బరావమ్మ తన ముక్క తీసుకుని, నోట్లో వేసుకోకుండా పక్కామె చేతిలో పెట్టింది.

అఖిల శంఖం ఊదుతుంది, వాన కురుస్తుంది, తొలి చినుకుకే రాయి మనిషవుతుంది, అన్న ముందు నడుస్తుంటే చెల్లెలు వెనక వస్తుంది. సైదాబీ అఖిల పేరు చెప్పిన రోజే ఇదంతా ఆలోచించి పెట్టుకుంది. అక్కడికి త్వరగా చేరాలని ఏడో సముద్రాన్ని ఆదరాబాదరాగా దాటించింది. అయితే కథ ఒడ్డుకు చేరేలోపే సుబ్బరావమ్మ పని మానేసింది. పత్తి మిల్లులో కుదిరిందని ఎవరో చెప్పారు.

ఒక సాయంత్రం సైదాబీ సుబ్బరావమ్మ ఇంటికి వెళ్లింది. అరుగు మీద సైకిల్ చైన్ బిగిస్తున్న అంకమ్మరావు లేచి నిలబడ్డాడు.

"రా అత్తా. అమ్మ లోపలుంది." తుడిచిన పీట తెచ్చి వేశాడు. మధ్యలో రెండుసార్లు దగ్గాడు.

సుబ్బరావమ్మ టీ ఇచ్చింది. సైదాబీ గ్లాసు కింద పెట్టేసి అంది: "వదినా, వాన పడగానే వాడు లేచాడు. అందరికంటే ముందు నడిచాడు. ముందే అనుకున్నా నేను."

"తెలుసు వదినా. నువ్వు ఎవర్నీ రాయిగా వదిలెయ్యవు."

"మరి రావేం?"

సుబ్బరావమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "లేచినప్పుడు ఎవరు చూశారో నాకు తెలీదు. రాయైనప్పుడు మాత్రం అందరూ చూశారు. నువ్వూ నవ్వావు."

సైదాబీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకుంది. టీ తాగి, అంకమ్మరావుకు దగ్గు మందు గురించి ఏదో చెప్పి వచ్చేసింది.

మరుసటి సీజన్లో ఎవరెంత అడిగినా రాకుమారుడికి పేరు పెట్టలేదు. పేరులేని వాడి కథకు చెవి ఒగ్గేవాళ్లు తగ్గారు. ఎవరో రేడియో తెచ్చి పెట్టారు. ఆటోలో కలిసినప్పుడు సుబ్బరావమ్మ జరిగి చోటిచ్చేది, మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగేది. యార్డు దగ్గర సైదాబీ దిగితే, తను మిల్లు వైపు వెళ్లిపోయేది.