షిఫ్టు మేనేజర్ ఇంటర్వ్యూకు వచ్చిన మునిరత్నం సార్

కరోనా తగ్గిన మరుసటి ఏడు, మామిడి సీజన్‌కు ముందు, చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో నేను ప్రొడక్షన్ హెడ్‌గా ఉన్నాను. ఆ వేసవిలో మా దగ్గర షిఫ్టు మేనేజర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. కాయలు మాగబెట్టే గది నుంచి గుజ్జు నింపిన డ్రమ్ములు గోడౌన్ చేరేదాకా, తన షిఫ్టులో జరిగే ప్రతి పనికీ షిఫ్టు మేనేజరే జవాబుదారీ. కాయ కోసే ఆడవాళ్లు, బాయిలర్ ఆపరేటర్లు, ల్యాబు కెమిస్టులు అందరూ ఆయన కిందే పనిచేస్తారు. ఆయన ప్రొడక్షన్ హెడ్‌కు, అంటే నాకు, రిపోర్టు చేయాలి.

వచ్చిన దరఖాస్తులను హెచ్ఆర్ ఆఫీసరు శైలజ నా బల్ల మీద పెట్టింది. వాటిలో మునిరత్నం అనే పేరు చూసి ఆగిపోయాను. తిరుపతిలో ఫుడ్ టెక్నాలజీ చదివి, పుత్తూరు పక్కన ఇంకో ఫ్యాక్టరీలో ట్రైనీ కెమిస్టుగా చేరినప్పుడు నా మొదటి షిఫ్టు మేనేజరు ఆయనే. గుజ్జు తీపినీ పులుపునూ ఎట్లా కొలవాలో, ఆ అంకెను ఎప్పుడు నమ్మకూడదో నాకు నేర్పింది ఆయన. ఆ ఫ్యాక్టరీ కరోనాలో మూతబడిందని విన్నాను గానీ, ఆయన ఏమయ్యారో నాకు తెలియదు.

తెలిసిన మనిషి అభ్యర్థిగా వస్తే ముందుగా చెప్పడం మా పద్ధతి. మా ఎండీ దినేష్ గారికి ఆ రోజే చెప్పి, నేను ఇంటర్వ్యూ బోర్డులో కూర్చోనన్నాను. ఆయన వయసులో నాకంటే చాలా చిన్నవాడు, బెంగళూరులో మేనేజ్‌మెంట్ చదివి తండ్రి వ్యాపారంలోకి వచ్చినవాడు. కాసేపు ఆలోచించి, "కూర్చోండి మేడం. పని గురించి మీరే అడగండి. మార్కులు మాత్రం నేనూ శైలజా వేస్తాం" అన్నారు.

ఇంటర్వ్యూ రోజు మునిరత్నం గారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో లోపలికి వచ్చారు. బాగా చిక్కిపోయారు. ఒకప్పుడు గుజ్జు తీసే పల్పర్లు తిరిగే హోరులో కూడా "ఏమ్మా వసంతా" అని ఆయన పిలిస్తే యార్డు అవతల ఉన్న నాకు వినిపించేది. ఆ గొంతుతో ఇప్పుడు "నమస్కారం మేడం" అన్నారు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. శైలజ నా వైపు చూసింది. నేను కూర్చున్నాక ఆయనా కూర్చున్నారు.

పనికి సంబంధించి నేను అడిగినవాటికి తడుముకోకుండా చెప్పారు. ఆ తర్వాత దినేష్ గారు అందరినీ అడిగే ప్రశ్న ఆయననూ అడిగారు: "మీకు నచ్చిన మేనేజ్‌మెంట్ స్టైల్ ఏది?"

అంతకు ముందు వచ్చినవాళ్లు దీనికి చక్కగా తయారై వచ్చారు. అందరినీ కలుపుకుని పోతామన్నారు. ఒకాయన తన క్యాబిన్ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందన్నాడు. షిఫ్టు మేనేజరుకు మా దగ్గర క్యాబినే లేదు.

మునిరత్నం గారు దినేష్ గారి వైపు తిరిగారు. "నా పద్ధతి నేను చెప్పుకుంటే బాగానే ఉంటాది సార్. నా కింద చేసినోళ్లు చెప్పేదే నిజం. మేడం నా దగ్గర పనిచేసినారు. ఆమెను అడగండి" అన్నారు.

దినేష్ గారు నా వైపు తిరిగారు. మార్కులు వేయకూడదన్నారు గానీ మాట్లాడకూడదనలేదు. మునిరత్నం గారికి ఆ ఉద్యోగం అవసరమని చూస్తేనే తెలుస్తోంది. మంచి మాత్రమే చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఎదురుగా కూర్చున్నది, కొలిచిన అంకెను దిద్దితే ఒప్పుకోని మనిషి.

"సార్ బాగా అరిచేవారు" అన్నాను. "నేను చేరిన కొత్తలో చాలాసార్లు ల్యాబు తలుపు వేసుకుని ఏడ్చినాను. గోవిందు అని మంచి బాయిలర్ ఆపరేటరు ఉండేవాడు. అందరి ముందర మాట పడి, మరుసటి రోజు నుంచి పనికి రాలేదు." ఆయన తల దించుకుని వింటున్నారు. నేను ఆపలేదు. ఒకసారి గుజ్జులో క్రిములను చంపే స్టెరిలైజరులో వేడి తగ్గితే, గేటు బయట కాయల లారీలు బారులు తీరి ఉన్నా, ఓనరు వద్దంటున్నా లైను ఆపించింది ఈయనే. తప్పు ఎవరిదని ఆఫీసులో అడిగితే ఆపరేటరు పేరు చెప్పలేదు, షిఫ్టు నాది అన్నారు. ఆడవాళ్లను ఊళ్లలో దించే వ్యాను కదిలేదాకా గేటు దగ్గర నుంచి కదిలేవారు కాదు. ఇదంతా చెప్పాను.

నేను ముగించాక మునిరత్నం గారే అన్నారు: "గోవిందు మాట నిజమే సార్. ఫ్యాక్టరీ మూసినాక పుత్తూరు బస్టాండులో కనబడినాడు. నేనే పిలిచినా. నన్ను సూసి రోడ్డు దాటి ఆ పక్కకు పోయినాడు. ఆ పొద్దు ఇంటికొచ్చి అన్నం ముందర కూర్చున్నా గానీ తినలేకపోతిని. అరిస్తే పని జరుగుతాది సార్, మనిషి మిగలడు. నాకది తెలిసేతలికి నా కింద ఎవురూ లేరు."

ఇప్పుడు వసంత మేడం కింద పనిచేయాలి, ఇబ్బంది లేదా అని శైలజ అడిగింది.

"ఆమెకు పని నేర్పింది నేను. ఆమె మాట నేను ఇనకపోతే, నేను నేర్పింది తప్పని కదమ్మా."



వాళ్లిద్దరూ మార్కులు వేసి ఆయననే ఎంపిక చేశారు. వయసు దృష్ట్యా ఒక సీజన్‌కు కాంట్రాక్టు మీద తీసుకున్నారు. చేరిన రోజు అందరి ముందర నన్ను మేడం అన్నారు. ల్యాబులో ఇద్దరమే ఉన్నప్పుడు అట్లా పిలవొద్దని బతిమాలాను. "నలుగురిలో మేడమే. నీ కుర్చీకి ఆ మర్యాద ఉండాల. ఈడ అయితే నువ్వు నాకు వసంతమ్మవే" అన్నారు.

సీజన్ మధ్యలో ఫిల్లింగ్ ఆపరేటరు ఒకమ్మాయి ఏమరుపాటున డ్రమ్ములో గుజ్జు నింపే సంచిని సరిగా బిగించలేదు. గుజ్జంతా నేలపాలైంది. మునిరత్నం గారి గొంతు లేచింది. లేచిన గొంతును అక్కడే ఆపి బయటకు పోయారు. లారీలను తూచే కాటా దాకా నడిచి, తిరిగి వచ్చి, ఆ అమ్మాయి పక్కన నిలబడి సంచి ఎట్లా బిగించాలో మెల్లగా చూపించారు. ఆమె అప్పటికే ఏడుస్తోంది. "ఏడవద్దు తల్లీ, నేను అరవలేదు గదా" అన్నారు. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

బాయిలర్‌కు మనిషి కావలసి వచ్చినప్పుడు గోవిందుకు ఆయనే కబురు పంపారు. గోవిందు రాలేదు. రెండోసారి పంపమన్నాను. "వద్దమ్మా. రాకుండా ఉండే హక్కు వానికి ఉండాది" అన్నారు.

మరుసటి ఏడు కూడా ఆయన మాతోనే పనిచేశారు. ఆపైన మోకాళ్లు సహకరించక మానేశారు. ఆయన చివరి రోజు కోత లైను ఆడవాళ్లు ఎవరూ చెప్పకుండానే వ్యాను ఆపించి, ఆయన స్కూటరు ఎక్కి వెళ్లేదాకా గేటు దగ్గరే నిలబడ్డారు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మరికొన్ని ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. మీకు నచ్చిన పద్ధతి ఏది అని నేను ఎవరినీ అడగలేదు. మీ కింద నుంచి వెళ్లిపోయినవాళ్లు ఎవరు, ఎందుకు వెళ్లారు అని అడిగేదాన్ని. ఎవరూ వెళ్లలేదని వెంటనే చెప్పినవాళ్లను, ఆ జవాబు నమ్మబుద్ధి కాక, పని గురించి మరికొంత అడిగేదాన్ని. ఒక పేరు చెప్పి ఆగిపోయినవాళ్లను తొందరపెట్టేదాన్ని కాదు. వాళ్లలో ఎక్కువమంది మంచి షిఫ్టు మేనేజర్లయ్యారు.