ఫ్రెడ్డీ వెనక చక్రం

విల్ఫ్ స్కుపమ్ రెండో ప్రపంచయుద్ధంలో ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు. అయినా ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని ఆ ఊళ్ళో ‘నా విమానం’ అనే హక్కు తనకొక్కడికే ఉందనుకునేవాడు. ఫ్రెడ్డీ అని పిలిచే ఆ లాంకాస్టర్ బాంబర్‌కి అతను మెకానిక్. చీకటి పడే వేళ దాన్ని పైలట్‌కి అప్పగిస్తూ, “అరువిస్తున్నాను బాబూ. ఇచ్చింది ఇచ్చినట్టు తెచ్చివ్వు,” అనేవాడు. పైలట్ తెచ్చేవాడు, తూటాలతో జల్లెడ చేయించి.

విల్ఫ్ కోపం జల్లెడ గురించి కాదు. ఎక్కేముందు పైలట్‌తో సహా సిబ్బంది ఏడుగురూ వెళ్ళి వెనక చక్రం మీద ఉచ్చపోసేవారు. అలా చేస్తే క్షేమంగా తిరిగొస్తామని వాళ్ళ నమ్మకం. తుప్పు వదిలించే పని మాత్రం విల్ఫ్‌ది. చివరికి పైఅధికారి దగ్గర మొరపెట్టుకుని ఆ అలవాటు మాన్పించాడు. ఆ రాత్రే ఫ్రెడ్డీ రన్‌వే దాకా రాలేక బీట్‌దుంపల చేలో బోర్లాపడింది. ఏడుగురూ బట్టలు దులుపుకుని లేచారు. ఫ్రెడ్డీ లేవలేదు.

“దానికీ దీనికీ సంబంధం లేదు,” అన్నాడు విల్ఫ్. ముప్పై ఏళ్ళుగా అదే మాట.

తుక్కుకి పోతున్న తోకభాగాన్ని చక్రంతో సహా లాక్కొచ్చి పెరట్లో కోళ్ళగూడు చేశాడు. గుడ్డు పెట్టని కోడిని అతని భార్య ఈనిడ్ ‘ఆఫీసరుగారు’ అనేది.

ఇప్పుడు మ్యూజియం వాళ్ళు ముక్కలన్నీ పోగేసి ఒక లాంకాస్టర్‌ని నిలబెడుతున్నారు. తోక ఒక్కటే తక్కువైంది.

“షెడ్డులో ఉంచుతామండీ, వాన తగలదు,” అన్నాడు వాళ్ళ తరఫున వచ్చిన ట్రెవర్.

“నాకు తెలీకుండా మళ్ళీ తుక్కుకి అమ్మేస్తే?”

ఈనిడ్ టీ కప్పులు పెడుతూ, “ఇచ్చెయ్యవయ్యా. దానికి ఏటేటా అతుకులేస్తావు, నా వంటింటి కప్పు కారుతూనే ఉంటుంది,” అంది.

“ఇవ్వను. అరువిస్తాను. మీకు అక్కర్లేనినాడు నా పెరట్లోకే రావాలి.”

“అలాగేనండీ,” అన్నాడు ట్రెవర్.

తోకని లారీకి తగిలించారు. డ్రైవరు తాళం తిప్పబోతుంటే విల్ఫ్, “ఆగు,” అని వెనక్కి నడిచాడు. ఈనిడ్ చంకలో కోడితో గోడవైపు తిరిగి, ట్రెవర్ భుజం పట్టుకుని అతన్నీ తిప్పింది.

“ఏం చేస్తున్నారండీ ఆయన?”

“క్షేమంగా వెళ్ళి రమ్మంటున్నాడు. వయసైపోయింది కదా, కాస్త ఆలస్యమవుతుంది.”

చాలాసేపటికి తోక వెనకనుంచి విల్ఫ్ గొంతు వినిపించింది.

“వెళ్ళగానే ఈ చక్రం తుడవండి. తుప్పు పడుతుంది.”