ఎల్జీర్ వెతికిన ఇంటిపేరు

ఎల్జీర్ క్విరియన్ మా ఊరి ఫాదరుగారి ఇంట్లో వంటమనిషి. చేతి రుచి మంచిదే కానీ నోరు మంచిది కాదు. కొత్తవాళ్ళెవరు గుమ్మం తొక్కినా సూపు గిన్నె ముందు పెట్టి ఒకటే అడిగేది, మీ వైపు క్విరియన్లెవరైనా ఉన్నారా అని. ఊళ్ళో పిల్లలు ఆ మాటతోనే ఆమెను ఏడిపించేవాళ్ళు.

ఏడిపించదగ్గ సంగతి కాదది. చిన్నప్పుడే ఆమె తల్లి పురిట్లో పోయింది. తండ్రి ఆ పసిగుడ్డును, ఆమె తమ్ముణ్ణి, నది ఎగువనున్న ఎవరో దాయాదికి పెంపకానికిచ్చేసి, "మనవాళ్ళేలేవే, క్విరియన్లే" అని కూతురి ఏడుపు ఆపాడు. ఆ చలికాలమే అడవిలో కలప కొడుతుంటే చెట్టు విరిగి మీదపడి ఆయనా పోయాడు. ఆమె చేతిలో మిగిలింది ఇంటిపేరొక్కటే. తమ్ముడి పేరు చెప్పి అడుగుదామా అంటే, మా వైపు ఊళ్ళలో మగపిల్లలందరికీ బాప్తిస్మంలో జోసెఫ్ అనే పెడతారు. వాడుక పేరు పెంచినవాళ్ళ ఇష్టం.

ఏటా శరదృతువులో ఉప్పు మలుగుచేపలు అమ్మడానికి నార్సిస్ సాన్షగ్రాఁ వచ్చేవాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. బూట్ల బురద చూసి ఎల్జీర్ అతన్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు, పెరటి మెట్ల మీదే గిన్నె పెట్టేది. ఎగువ ఊళ్ళన్నీ తిరుగుతాడని క్విరియన్ల ఆరా అతనికే అప్పగించింది. పాపం, అతనూ మనసుపెట్టి అడిగేవాడు.

"మీవాళ్ళు భూమ్మీద లేరు ఎల్జీరమ్మా, వదిలెయ్యండి" అనేవాడు.

"అడగమన్నది అడుగు. సలహాలు నేనడగలేదు."

మొన్న జనవరిలో నార్సిస్ దగ్గుతో వచ్చి, సమాధుల గోతులు తవ్వే గుస్తావ్ ఇంట్లో పడి, మరి లేవలేదు. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి ఆ చలికాలం పోయినవాళ్ళందరితోపాటు అతన్నీ శవాలగదిలో ఉంచారు. నా అన్నవాళ్ళెవరూ రాలేదు.

మే నెలలో నేల మెత్తబడ్డాక అందరినీ ఒకేరోజు పూడ్చారు. కూతురింటికి కొత్తగా వచ్చిన ముసలి ఒదీల్ ఎల్జీర్ పక్కన నిలబడింది. ఆమెదీ ఎగువ ఊరే. చివరి పెట్టె ఎవరిదని అడిగి, తెలిశాక నిట్టూర్చింది.

"మీ క్విరియన్ల పిల్లాడేగా."

ఎల్జీర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "సాన్షగ్రాఁలు కదా వాళ్ళు?"

"రెండూ ఒకటేనే తల్లీ. మీ ముత్తాతలు విడిపోయినప్పుడు ఒకాయన అసలు పేరు ఉంచుకున్నాడు, ఒకాయన సిపాయిగిరీ నాటి మారుపేరు పట్టుకుపోయాడు. వీణ్ణి పసిగుడ్డుగా ఈ ఊరినుంచే తెచ్చి పెంచుకున్నారు. వాడికి చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టేయించుకున్నారు."

ఇంటికి రెండు పేర్లుండడం మాలో ఎవరికి తెలియదు? పక్కింటివాళ్ళకి ఉంది, ఫాదరుగారికీ ఉంది. తమకీ ఉండొచ్చని మాత్రం ఎల్జీర్‌కు తట్టలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిందని నలుగురూ నవ్వుతారు. నవ్వనీ. ఆమె చంకలోని పిల్లాడు తనను తానే వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, ఎక్కడా లేనని వచ్చి ఆమెకే చెప్పాడు. మెట్ల మీద కూర్చుని చెప్పాడు.

గుస్తావ్ పార అందుకుని, అలవాటు ప్రకారం తలెత్తకుండానే అడిగాడు. "ఇతని తాలూకు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను. అక్కని" అంది ఎల్జీర్.

అతను తలెత్తి చూశాడు. "మా ఇంట్లో మూడు రోజులు మూలిగాడమ్మా. ఒక్కసారి రాకపోయావా?"