మా మామ కారుకు పెట్టించుకున్న బటన్

మా మామ చనిపోయిండు. నెల దగ్గరికొస్తున్నది. మామ అంటె మా ఆయన వాళ్ల బాపు. దవాఖానల, మంచం మీద, పొద్దుగాల నర్సు బీపీ చూద్దామని వచ్చేసరికి పోయి ఉన్నడు. కారుల పోలే. ఈ ముచ్చట ముందుగాలనే ఎందుకు చెప్తున్ననంటె, రెండేండ్ల సంది నేను పానం అరచేతుల పెట్టుకొని భయపడ్డది దాని గురించే. బడిల పిల్లలకు పాఠం చెప్తుంటె ఫోన్ మోగిందంటె చాలు, చాక్‌పీసు పక్కకు పెట్టి ఉరికేదాన్ని. మీ మామ కారు ఏడనో గుద్దిండు అనే మాట ఏదో ఒక దినం ఇనాల్సొస్తదనే అనుకున్న. ఆ మాట రాలే.

ఆయనంత జాగ్రత్త మనిషిని నేను చూడలే. ఇబ్రహీంపట్నంల మా గల్లీల ఎవలనన్న అడుగుండ్రి. బయటికి పోతుంటె గ్యాసు బందువెట్టిండ్రా అని గేటు దాకా పోయినోడు మల్ల వాపస్ వచ్చి చూసేటోడు. కారు ఆపితె హ్యాండ్ బ్రేక్ గుంజుడు, గేర్ల పెట్టుడు, అది చాలదని ఎనక టైరు కింద రాయి పెట్టుడు. "బండి మన మాట ఇంటది బిడ్డా, రోడ్డు ఇనది" అనేటోడు. ఆయన నడిపితె మన్నెగూడ పోవుడు పెండ్లి ఊరేగింపు పోయినట్టే. "మామా, సైకిలోడు దాటిపోయిండు" అని నేను నవ్వితె, "ఆయనకు ఏం తొందరున్నదో" అనేటోడు. కోపం రాకపోవు. నాకే వచ్చేది, బడికి ఆలిశమైతున్నదని.

అసుంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి దిక్కు. మూతి జర వంకరబోయింది, మాట ముద్దముద్దగైంది. కాలు తొందరగనే సుధరాయించింది గని చెయ్యి సతాయించింది. గిలాస పట్టుకునేటోడు, బువ్వ కలుపుకునేటోడు. తిప్పుడు మాత్రం రాకపోతుండె. నల్లా తిప్పరాదు, సీసా మూత తిప్పరాదు. కారు తాళంచెవి అసలే తిప్పరాదు.

ఒకనాడు వంటింటి కిటికీలకెల్లి చూసిన. కారుల కూసోని, తాళంచెవి పెట్టి, కుడిచేత్తోని తిప్పవెట్టె. రాలే. ఎడమచెయ్యి స్టీరింగు మీదికెల్లి తెచ్చి తిప్పవెట్టె. అదీ రాలే. చేతులు ఒళ్లె పెట్టుకొని అద్దంలకెల్లి ముందరికి చూసుకుంట కూసున్నడు. అత్తమ్మ ఆ సంగతి ఇని కొంగు కండ్లకద్దుకున్నది. నాకు పాపమనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలె. కని లోపల మాత్రం, ఆ తాళంచెవి తిరగకపోవుడే మా ఇంటికి శ్రీరామరక్ష అనుకున్న. సగం చెయ్యితోని లారీలు ఉరికే సాగర్ రోడ్డు మీదికి పోతె ఏం కావాలె?

మా ఆయనది మెత్తటి మనసు. బాపు ముఖం చూడలేకపోయిండు. ఒక ఐతారం నాడు "పా, మన్నెగూడ పోయొద్దాం" అని బాపును, నన్ను కారుల ఎక్కిచ్చుకొని ఎలక్ట్రీషియన్ షాపు ముంగట ఆపిండు. దిగినంక చెప్పిండు, కారుకు బటన్ స్టార్ట్ పెట్టిస్తున్నమని. తాళంచెవి అక్కరలేదట. రిమోట్ జేబుల ఉంటె చాలు, బ్రేక్ తొక్కి బటన్ నొక్కితె ఇంజన్ లేస్తదట.

"నీకేమన్న మతి ఉన్నదా?" అన్న నేను. అందరి ముందరనే అన్న.

"నడపడే. ఊరికె స్టార్ట్ చేసుకొని కూసుంటడు. జర పానం కుదుటవడ్తది" అన్నడు మా ఆయన.

ఎలక్ట్రీషియన్ స్టీరింగు కింద ప్లాస్టిక్ అంత ఇప్పిండు. ఎర్రయి, నల్లయి, పసుపుయి వైర్లు కోడి పేగుల లెక్క కిందికి ఏలాడినయి. ఎండలు కొట్టినప్పుడు రోడ్డు పక్కన కాలిపోయిన కార్లు ఎన్ని చూడలేదు మనం? ఫ్యూజు పెట్టినవా అని అడిగిన. పెట్టిన అక్కా అన్నడు. బ్రేక్ తొక్కకుంట నొక్కితె లేస్తదా అని అడిగిన. లేవదు అక్కా, నువ్వే నొక్కి చూడు అన్నడు. నేను నొక్కలే. దూరంగ జరిగి నిలబడ్డ.

మామ కూసున్నడు. బ్రేక్ తొక్కి, ఎడమచేతి బొటనవేలితోని నొక్కిండు. ఇంజన్ లేచింది. నెలల తర్వాత ఆ మనిషి మూతి నవ్విన తీరుగైంది. "మన బోరు మోటర్ తీర్గనే ఉన్నది గదరా" అన్నడు కొడుకుతోని. మా చెల్క కాడ బోరుకు స్టార్టర్ డబ్బ ఉంటది, పచ్చ బటన్ నొక్కితె మోటర్ నడుస్తది, ఎర్రది నొక్కితె బందైతది. మా అత్తమ్మ పెండ్లై వచ్చిన సంది నొక్కుతున్నది దాన్ని. మామ ఆ మాట ఎందుకన్నడో ఆనాడు నేను పట్టించుకోలే.

ఇంటికొచ్చినంక అత్తమ్మ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. నిమ్మకాయలు నేనే తొక్కిస్త అని మామ స్టీరింగు ముందర కూసున్నడు. బండి కదిలింది. నిమ్మకాయలు నలిగినయి. బ్రేక్ మీదికి కాలు జర ఆలిశంగ వచ్చింది, అంతే. ముందు బంపర్ పోయి గేటుకు తాకింది. చిన్న చప్పుడే. కని ఆ గేటు తాన మనిషి ఉంటె?

తెల్లారి రిమోట్ తీస్కపోయి జొన్నపిండి డబ్బల దాచిన. మామ అడగలే. అడగకపోవుడే నాకు ఇంక భయమైంది. తాళంచెవి తిరగనప్పుడు అంత బాధపడ్డ మనిషి, రిమోట్ కనవడకపోతె నోరు మెదపకుంట పేపర్ చదువుకుంటున్నడేంది అనుకున్న. ఆ రిమోట్లు జోడుగ ఇస్తరని, రెండోది ఎలక్ట్రీషియన్ ఆనాడే మామ జేబుల పెట్టిండని నాకెరుక లేదు.

ఒకనాడు బడి ఒంటిపూటనే ఇడిసిపెట్టిండ్రు. స్కూటీ మీద ఇంటికొస్తి. గేటు తెరిచి ఉన్నది. కారు లేదు. టైరు కింద రాయి ఒక్కటే ఉన్నది. ఇంట్ల మామ లేడు, అత్తమ్మ లేదు. మామ ఫోన్ మంచం మీదనే ఉన్నది. ఎదురింటామెను అడిగితె, గా వెంచర్ దిక్కు పోయిండ్రు గద అన్నది, రోజు పోయేటోళ్ల గురించి చెప్పినట్టు. నేను ఎట్ల పోయిన్నో, బ్రేకులు ఏస్తిన్నో లేదో నాకు యాది లేదు. లారీ కింద కారు, మెయిన్ రోడ్డు మీద జనం, అత్తమ్మ కొంగు, ఇవే కండ్ల ముందర తిరిగినయి. ఆయనొక్కడే పోయినా అంత భయపడకపోదును. ఆమెను కూడ ఎక్కిచ్చుకపోయిండని ఏడుపొచ్చింది.

ప్లాట్లు చేసి, సీసీ రోడ్లు పోసి, ఇంక ఇండ్లు కట్టని వెంచర్ అది. మనిషి జాడ ఉండదు. మూల మలుగంగనే కారు నా ఎదురుంగ వస్తున్నది. ముందు అద్దానికి ఎర్రటి ఎల్ అక్షరం. స్టీరింగు ముందర మా అత్తమ్మ.

నేను నడిరోడ్డు మీద స్కూటీ ఆపి అట్లనే నిలబడ్డ. పక్కకు జరగాలని తెలుసు, కాలు రాలే. అత్తమ్మ నన్ను చూసింది. చూసి బెదిరిపోయి, బ్రేక్ తొక్కుడు ఇడిసిపెట్టి బటన్ మీద చెయ్యి పెట్టి నొక్కిపట్టింది. ముప్పై ఏండ్లు మోటర్ బందువెట్టిన అలవాటు గద, బటన్ నొక్కితె ఆగుతదనుకున్నది. ఇంజనైతె ఆగింది. కారు ఆగలే. చప్పుడు లేకుంట, దొర్లుకుంట నా మీదికి వస్తున్నది. ఇగ నా పని ఖతం అనుకున్న. లోపల మామ పక్కకు వంగి, పని చెయ్యని కుడిచెయ్యి మీదికెల్లి ఎడమచెయ్యి తెచ్చి హ్యాండ్ బ్రేక్ గుంజిండు. టైర్లు కీసుమన్నయి. నా స్కూటీ టైరుకు, బంపర్‌కు నడుమ బిందె పట్టేంత జాగ ఉండె.

అత్తమ్మ స్టీరింగు గట్టిగ పట్టుకొనే ఉన్నది. మామ పెదవులు వణుకుతున్నయి, నేను చూసిన. కని ఆయన గొంతు పెంచలే. "అది మోటర్ గాదే" అన్నడు మెల్లగ. "బందువెట్టుడు కాదు, తొక్కుడు." హ్యాండ్ బ్రేక్ దించి, "మల్ల స్టార్ట్ చెయ్" అన్నడు.

"నేను చెయ్య. నా కోడలిని సంపుతుంటి" అన్నది అత్తమ్మ.

"చెయ్యాలె. భయపడ్డ తాననే స్టార్ట్ చెయ్యాలె. ఇంటికి తోలుకపోతె ఆ భయం ఇంట్లనే కూసుంటది" అన్నడు. తర్వాత నా దిక్కు చూసి, "బిడ్డా, నువ్వు జర పక్కకు నిలబడు" అన్నడు.

ఆనాడు ఇంటికొచ్చినంక నేను మస్తు లొల్లి చేసిన. అప్పుడు తెలిసింది, అంతకుముందు ఒకనాడు అత్తమ్మ చుట్టాల పెండ్లికని చెప్పిపోయింది పెండ్లికి కాదు, లెర్నింగ్ లైసెన్స్ పరీక్షకని. ఎల్ కాయిదం వాపస్ వచ్చేటప్పుడు పీకి పర్సుల పెట్టుకునేదట. గల్లీ మొత్తానికి ఎరుకే, మాకే లేదు. మామ నేను ఒర్రినంత సేపు ఒర్రనిచ్చి, ఒక్కటే అన్నడు. "నువ్వు బడికి పోతవ్, వాడు షిఫ్టుకు పోతడు. పగటీలి నాకు పక్షవాతం మల్ల వస్తె ఈమె ఎవలిని పిలవాలె? తాళంచెవి తిప్పి గరగర అనిపిచ్చుడుకు ఈమెకు భయం. బటన్ నొక్కుడుకు భయం లేదు. అందుకే బటన్ కావాలని వాడిని అడిగి పెట్టిచ్చిన." నేను రెండు నెలల సంది ఆయన కారు నడుపుతడని భయపడుకుంట ఉంటె, ఆయన తనకు మల్ల వస్తదని భయపడుకుంట ఉన్నడు. ఆ ముచ్చట ఎవ్వలికి చెప్పుకోలే. భయమంత తీస్కపోయి ఆమెకు బండి నేర్పుడుల పెట్టిండు. ఇయ్యాల తలుచుకుంటె ఆయన కాళ్లు మొక్కాలనిపిస్తది. ఆనాడైతె తలుపు ధడేల్మని ఏసుకున్న.

మల్ల వచ్చింది. పగటీలినే వచ్చింది. ఆ దినం నాకు సెలవు. పేపర్ చదువుకుంట మంచం మీద పక్కకు ఒరిగిండు. మాట పడిపోయింది. అంబులెన్సుకు ఫోన్ చేసిన, వస్తున్నమన్నరు. అత్తమ్మ ఆగలే. ఎదురింటామె, నేను కలిసి మామను ఎనక సీట్ల పండవెట్టినం, తల నా ఒళ్లె పెట్టుకున్న. అత్తమ్మ అప్పటిదాక సాగర్ రోడ్డు ఎక్కలే. ఒక్కసారి కూడ. పక్కకెల్లి బస్సు పోతె కారు ఊగింది. నేను కండ్లు మూసుకొని తెలిసిన దేవుండ్లందరికి మొక్కిన. ఎవలి పానానికి మొక్కుతున్నవంటె ఏం చెప్పాలె, మామ పానానికా, మా ముగ్గురి పానాలకా? అత్తమ్మ ఎనకకు చూడలే. ఏడ్వలే. లారీల నడుమ, అచ్చం మామ తీరుగనే, మెల్లగ, హారన్ కొట్టుకుంట పోయింది. నేను తొందర తొందర అని ఒర్రిన. ఆమె ఇనలే. దవాఖాన మెట్ల దాకా తీస్కపోయి ఆపింది.

వారం దినాలు బతికిండు. కండ్లు తెరిచి చూసేటోడు. అత్తమ్మ చెయ్యి ఎడమచేత్తోని పట్టుకునేటోడు. ఆలిశమైతె ఆ వారం కూడ ఉండకపోవు అన్నడు డాక్టర్. ఆ వారమే మాకు మిగిలింది.

దినాలైనయి, చుట్టాలు పోయిండ్రు. నెల నిండందే గేటు దాటొద్దని అత్తమ్మకు చెప్పిపోయిండ్రు. మొన్న పొద్దుగాల నేను బట్టలు ఆరేస్తుంటె కారు తలుపు చప్పుడైంది. ఉరికొచ్చి చూస్తె అత్తమ్మ స్టీరింగు ముందర ఉన్నది.

"ఏడికి అత్తమ్మా?"

"ఏడికి లేదు. నిలబడి నిలబడి బ్యాటరీ దిగుతది."

బ్రేక్ తొక్కింది, బటన్ నొక్కింది. ఇంజన్ లేచింది. నేనే పోయి గేటు తెరిచిన. కారు కదల్లే. ఎంత సేపు చూసినా కదల్లే. ఎడమ దిక్కు తలుపు కాడ వంగి, భయమైతున్నదా అని అడిగిన.

"మీ మామ పోనియ్ అనేటోడు" అన్నది ముందరికే చూసుకుంట. "అనంది నేను బ్రేక్ మీదికెల్లి కాలు తియ్యకపోతుంటి. దవాఖానకు పోయిన్నాడు మాట లేదు గద. ఒక్కసారి మూలిగిండు. పోనియ్ అన్నడనుకొని తీసిన."

సాగర్ రోడ్డు మీద లారీల చప్పుడు ఇక్కడిదాక ఇనవడ్తున్నది. నాకు కారు నడుపరాదు, ఆ బటన్ ఇంతవరకు ముట్టనన్న ముట్టలే. తలుపు తీసి మామ కూసునే సీట్ల కూసున్న. బెల్టు పెట్టుకున్న. రోడ్డు అటు చూసిన, ఇటు చూసిన, మల్ల అటు చూసిన.

"పోనియ్ అత్తమ్మా" అన్న.

ఆమె కాలు తీసింది.