పెడలు మీద కుడికాలు

వీధిలో అందరూ ఆమెను మిషనక్క అంటారు. ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలో ఆగాల్సినంత గదిలో జాకెట్లు కుడుతుంది. చెప్పులు విప్పి వట్టికాళ్ళతో మిషను తొక్కితేగాని ఆమెకు పని సాగదు. మోటారు పెట్టిస్తానని మొగుడు ఎన్నిసార్లు అన్నాడో! "దారం ఎక్కడ బిగుస్తోందో నా అరికాలికి తెలుస్తుందయ్యా, మోటారుకేం తెలుసు?" అని కొట్టిపారేసేది. పొద్దున్నే ఇనప పెడలు చల్లగా తగిలితేనే ఆమెకు తెల్లారినట్టు. బళ్ళో వాచ్‌మన్‌గా చేసే ఆ మొగుడు మిషన్ని "నా సవతి" అనేవాడు.

ఒకరోజు గుడ్డల మూట వచ్చిందని ఎవరో కేకేస్తే ఆమె అలాగే వట్టికాళ్ళతో వీధిలోకి పరిగెత్తింది. వెనక్కొస్తున్న లారీ చక్రం కుడి పాదం మీదికి ఎక్కి దిగింది. లారీ కింద చెప్పులున్నా ఒకటే, లేకున్నా ఒకటేనని ఎందరు చెప్పినా వినదు, వేసుకోనందుకు తనను తానే తిట్టుకుంటుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "మడమ నుజ్జయింది, అరికాలి నరం తెగింది. పాదం నిలబెట్టడానికి ప్రయత్నిస్తాం. ఇంకా చాలా ఆపరేషన్లు కావాలి, స్పర్శ మాత్రం తిరిగి రాకపోవచ్చు. మోకాలి కింద తీసేస్తే పెట్టుడు కాలుతో త్వరగా నడుస్తావు. రెండిట్లో ఏదో నువ్వే చెప్పాలమ్మా."

"పేరుకైనా కాలుండాలే," అన్నాడు మొగుడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమెకు మాత్రం నడక మీద ధ్యాస లేదు. కళ్ళు మూస్తే చాలు, ఆ చల్లటి ఇనుము. పుట్టింటి మీద కూడా ఆమె అంత బెంగ పెట్టుకోలేదు.

"ఏవయ్యా, నీ సవతి పెడలు ఊడదీసి పట్టుకురా," అంది.

పిచ్చి ముదిరిందనుకున్నాడు, అయినా తెచ్చాడు. నర్సు గొణుక్కుంటూనే దాన్ని స్పిరిటుతో తుడిచిచ్చింది. కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళ కింద, అరికాలికి ఆనేలా అతను మెల్లగా పెట్టాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, మొహమంతా ఆశ చేసుకుని ఎదురుచూసింది.

"ఊఁ, పెట్టవేం?" అంది కాసేపాగి.

ఆమె కళ్ళు తెరిచి చూసింది. పెడలు ఎప్పట్నుంచో అక్కడే ఉంది.

ఆమె భోరుమంది. ఏడుపంతా అయ్యాక, "తీసేయమను. ఇది నా కాలు కాదు," అంది.

నెలలు గడిచాయి. పెట్టుడు కాలుతో సందు చివరిదాకా నడిచొస్తోంది. మిషన్ దగ్గర మాత్రం దాన్ని విప్పి గోడకు ఆనించి, ఎడమ కాలితోనే తొక్కుతుంది. మొదట్లో దారం తెగీ తెగీ చిరాకు పెట్టింది. ఒకరోజు పొద్దున కుట్టు సాఫీగా పడుతుండగా ఆమె చటుక్కున ఆగిపోయింది.

"ఏవయ్యా, కుడికాలికి చల్లగా తగులుతోంది," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి అర్థం కాలేదు.

అతను కిందికి చూశాడు. పెడలు మీద ఎడమ పాదమొక్కటే ఉంది, పక్కన సగం ఖాళీ. వంగి, ఆ ఖాళీ చోట ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు.

"అవునే," అన్నాడు, "చల్లగానే ఉంది."